నర్సుల చేతి శుభ్రత, మొబైల్ ఫోన్లపై బాక్టీరియా: వరంగల్ ఆసుపత్రుల నేపథ్యం

ఆసుపత్రిలో చేరాక రోగికి కొత్తగా సోకే బాక్టీరియా ఒక మంచం నుంచి మరో మంచానికి ఎక్కువగా చేతుల మీదుగానే చేరుతుంది. వరంగల్‌లో ఈ అంశానికి ప్రధాన రంగస్థలం ఎంజీఎం ఆసుపత్రి. 1959లో ఏర్పడ్డ కాకతీయ వైద్య కళాశాలకు ఇది బోధనాసుపత్రి. ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి పెద్ద జబ్బుల రోగులు ఇక్కడికి వస్తారు. కాన్పుల కోసం నగరంలో సీకేఎం ఆసుపత్రి, హన్మకొండలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి.

చేతులు కడగడం వైద్యంలో నియమంగా మారింది కాన్పుల వార్డులోనే. 1840లలో వియన్నాలో ఒకే ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. మంత్రసానులు చూసే విభాగంలో కంటే వైద్య విద్యార్థులు చూసే విభాగంలో సూతికా జ్వరంతో బాలింతలు ఎక్కువగా చనిపోయేవారు. ఆ విద్యార్థులు శవపరీక్షల గది నుంచి నేరుగా కాన్పులకు వస్తున్నారని ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ గుర్తించి, 1847 మే నెలలో క్లోరిన్ సున్నపు నీటితో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో సుమారు 18 శాతమున్న మరణాలు కొద్ది నెలల్లోనే 2 శాతం దరిదాపులకు దిగాయి. అయినా తోటి వైద్యులు ఆయన మాటను చాలాకాలం ఒప్పుకోలేదు. నర్సులు పగలంతా తరచూ చేతులు కడుక్కోవాలని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1860 నాటికే రాసింది.

ఆ తర్వాతి పెద్ద మలుపు జెనీవాలో వచ్చింది. నర్సులకు తీరిక లేదని, సింకు దూరమని గ్రహించిన వైద్యుడు డిడియర్ పిటే బృందం మంచం పక్కనే ఆల్కహాల్ ద్రావణం పెట్టించింది. 48 శాతంగా ఉన్న చేతి శుభ్రత పాటింపు 66 శాతానికి పెరిగిందని 2000లో ప్రకటించింది. సబ్బుతో కడగడానికి 40 నుంచి 60 సెకన్లు కావాలి, ఆల్కహాల్ ద్రావణంతో రుద్దుకోవడానికి (హ్యాండ్ రబ్) 20 నుంచి 30 చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లోని ‘ఐదు సందర్భాలు’ వార్డు గోడల మీద కనిపిస్తాయి: రోగిని తాకే ముందు, శుభ్రమైన ప్రక్రియకు ముందు, రక్తం వంటి ద్రవాలు అంటుకునే ప్రమాదం తర్వాత, రోగిని తాకాక, రోగి పరిసరాలను తాకాక. మన దేశంలో 2015లో మొదలైన కాయకల్ప పథకం ప్రభుత్వ ఆసుపత్రుల పరిశుభ్రతకు మార్కులు వేయడం మొదలుపెట్టింది.

చేతులతో పాటు చూడాల్సింది మొబైల్ ఫోను. దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జూలై 31న జరిగింది. ఇప్పుడు సిస్టర్ల జేబులో ఫోను ఒక పనిముట్టు: డ్యూటీ డాక్టరుకు కబురు, వాట్సాప్‌లో రిపోర్టు, రాత్రివేళ టార్చి. బంధువులను రానివ్వని కోవిడ్ వార్డుల్లో రోగి ఇంటివాళ్లతో మాట్లాడే దారీ అప్పట్లో అదే. తుర్కియేలో 200 మంది ఆసుపత్రి సిబ్బంది ఫోన్లను పరీక్షించిన 2009 నాటి అధ్యయనంలో 94.5 శాతం ఫోన్లపై బాక్టీరియా పెరిగింది. 24 దేశాల పరిశోధనలను కలిపి చూసిన 2020 సమీక్షలో సగటు 68 శాతం. ఈ బాక్టీరియాలో చాలావరకు చర్మం మీద మామూలుగా ఉండేవే. భయపడాల్సింది స్టెఫిలోకాకస్ ఆరియస్, అసినెటోబాక్టర్ వంటి వాటికి. పొడి ఉపరితలాలపై ఇవి నెలల తరబడి బతకగలవు.

అసలు ప్రమాదం పనుల వరుసలో ఉంది. చేతులు రుద్దుకున్న నర్సు మోగిన ఫోను ఎత్తి, మళ్లీ క్యాన్యులా (నరంలోకి మందు ఎక్కించే గొట్టం) పట్టుకుంటే ఆ శుభ్రత పోయినట్టే. గ్లౌజులతో ఫోను తాకినా అంతే. ఫోను రోగి పరిసరాలకు చెందదు కనుక, దాన్ని తాకాక మంచం దగ్గరికి వెళ్తే ‘ఐదు సందర్భాల్లో’ మొదటిది మళ్లీ వచ్చినట్టే లెక్క. పోస్టర్లలో ఫోను బొమ్మ కూడా ఉండటం అవసరం. వార్డుల్లో ఫోన్లు నిషేధించడం ఆచరణలో నిలిచే పని కాదు. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన వైప్‌తో ఫోన్‌ను, కవర్ తీసి లోపలి వైపునూ తుడిస్తే బాక్టీరియా బాగా తగ్గుతుంది. తెర పాడవుతుందన్న భయం ఉండేది. 2020లో యాపిల్ సంస్థే ఈ వైప్‌లు వాడవచ్చని చెప్పింది.

నర్సుల అలవాట్లను తప్పుపట్టే ముందు వారి సంఖ్యను చూడాలి. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఐసీయూలో ఒక్కొక్కరికి ఒకరు ఉండాలన్నది భారత నర్సింగ్ మండలి ప్రమాణం. ఒకే సిస్టరు వార్డంతా చూస్తుంటే, ప్రతి మంచం దగ్గరా ఆ ముప్ఫై సెకన్లు దొరకవు.