నైట్‌క్లబ్బు వేదికపై చీరకట్టు: ఉషా ఉతుప్ గానం

భారతదేశంలో నైట్‌క్లబ్బు వేదిక మీద గానాన్ని వృత్తిగా ఆరంభించి, పాప్, డిస్కో నృత్యగీతాలకు చిరునామాగా నిలిచిన గాయని ఉషా ఉతుప్. 1947 నవంబరులో బొంబాయిలో, తమిళ కుటుంబంలో జన్మించారు. 1969లో మద్రాసు మౌంట్ రోడ్డులోని ఒక చిన్న క్లబ్బులో పాడటంతో ఆమె వృత్తిజీవితం మొదలైంది. అర్ధశతాబ్దం గడిచాక, 2023లో, డెబ్బయి అయిదేళ్ల వయసులో, యౌవనంలో తాను పాడిన కలకత్తా పార్క్ స్ట్రీట్ రెస్టారెంటు ట్రింకాస్‌లోనే మళ్లీ మైకు పట్టి, అమెరికా యువగాయని మైలీ సైరస్ పాడిన 'ఫ్లవర్స్' అనే గీతాన్ని ఆలపించారు. ఆ పాట విడుదలైనది అదే ఏడాది జనవరిలో. ఆనాటి దృశ్యాన్ని అంతర్జాలంలో లక్షలాది మంది తిలకించారు.

తెలుగు పల్లెలలో నైట్‌క్లబ్బును కంటితో చూసినవారు అరుదు; తెలిసినదంతా వెండితెర చూపించినదే. టూరింగ్ టాకీసులలో బొమ్మ ఆడుతున్న రోజులలో ఖలనాయకుని స్థావరం, మెరుపు దీపాలు, గాజు గ్లాసులు, జ్యోతిలక్ష్మి లేదా జయమాలిని నృత్యం, తెర వెనుక ఎల్.ఆర్. ఈశ్వరి కంఠం, ఇవన్నీ కలిస్తే క్లబ్బు పాట. 'దేవుడు చేసిన మనుషులు' (1973) చిత్రంలో ఈశ్వరి పాడిన క్లబ్బు గీతం నేటికీ జనం నోట నిలిచి ఉన్నది. అయితే ఆ పాటలను పాడిన మనిషి ఒకరు, ఆడిన మనిషి వేరొకరు. పాడిన గొంతును లోకం మెచ్చుకున్నది. పాటలోని పాత్రను మాత్రం గౌరవించలేదు. కథానాయిక అటువంటి చోట అడుగు పెట్టడమే కథలో ఒక అపచారంగా ఉండేది. ఉషా ఉతుప్ విషయంలో గొంతుకూ మనిషికీ నడుమ తెర లేదు. నాలుగు బారల దూరంలో కూర్చున్నవారి ఎదుట, పట్టుచీర కట్టి, పెద్ద బొట్టు పెట్టుకొని ఆమె పాడారు.

ఆమె తండ్రి బొంబాయి పోలీసు శాఖలో అధికారి. బైకుల్లా ప్రాంతంలోని పోలీసు నివాసాలలో బాల్యం గడిచింది. ఇరుగుపొరుగున పలు మతాల, పలు భాషల వారు ఉండేవారు. ఇంట్లో రేడియో సిలోన్ మోగుతూ ఉండేది. కర్ణాటక సంగీతమూ, హిందుస్తానీ గానమూ, పాశ్చాత్య గీతాలూ ఒకే చెవిన పడ్డాయి. అక్కలు అప్పటికే వేదికల మీద పాడుతున్నారు. చదువుకున్న కాన్వెంటు పాఠశాలలో మాత్రం సంగీతం తరగతి నుండి ఆమెను పక్కన పెట్టారు. ఆడపిల్లల బృందగానానికి ఆ గొంతు ఇమడలేదన్నది కారణం. పిల్లలో లయజ్ఞానం ఉన్నదని గుర్తించిన ఉపాధ్యాయురాలు తాళం వేసే చిన్న వాద్యాలను చేతికిచ్చి కూర్చోబెట్టారట. పాశ్చాత్య సంగీతంలో కాంట్రాల్టో అని పిలిచే మంద్రస్థాయి స్త్రీకంఠం ఆమెది. ఆనాటి సినిమా సంగీతం ఆడగొంతు అంటే సన్నగా, తారస్థాయిలో పలకాలని నిర్ణయించుకున్నది. ఆ కొలత ప్రకారం చూస్తే ఆమెకు నేపథ్యగానంలో చోటే లేదు. ఆమెకు తలుపు తెరిచినది క్లబ్బు వేదిక.

మద్రాసు మౌంట్ రోడ్డులో 1964లో వెలసిన సఫైర్ సినిమా భవనం ఆ రోజులలో ఒక వింత. ఒకే ఆవరణలో సఫైర్, బ్లూ డైమండ్, ఎమరాల్డ్ అని మూడు థియేటర్లు. బ్లూ డైమండ్‌లో ఉదయం నుండి రాత్రి దాకా ఆట ఆగదు, ప్రేక్షకుడు ఎప్పుడైనా లోపలికి వెళ్లవచ్చు. హోసూరు, చిత్తూరు వైపుల నుండి పనిమీద పట్నం వెళ్లి, బండి వేళ దాకా అక్కడ చల్లగా కూర్చున్న పెద్దలు సరిహద్దు ఊళ్లలో ఇప్పటికీ కనిపించవచ్చు. ఆ భవనం కింది అంతస్తులోనే నైన్ జెమ్స్ అనే క్లబ్బు ఉండేది. నవరత్నాలన్న మాట. రత్నాల పేర్లున్న భవనానికి తగిన పేరే.

బంధువులతో కలిసి అక్కడికి వెళ్లిన ఉషా అయ్యర్ (అప్పటి పేరు అదే) ఒక పాట పాడారు. శ్రోతల స్పందన చూసిన యజమాని మరొక వారం ఉండి పాడమని కోరారు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మద్రాసు రాష్ట్రంలో 1948 నుండి 1971 దాకా మద్యనిషేధం అమలులో ఉన్నది. పర్మిట్టు ఉన్నవారికి తప్ప మందు దొరకదు. కనుక సినిమాలు చూపే తాగుబోతుల గుహకూ, వాద్యబృందం ముందు జనం కూర్చొని పాట విన్న ఆనాటి మద్రాసు క్లబ్బుకూ పోలిక తక్కువ.

చీర సంగతి ఎంతో చర్చకు వచ్చింది. అది తాను వేసిన ఎత్తు కాదనీ, రోజూ కట్టుకునేదే కట్టుకొని వెళ్లాననీ ఆమె ఎన్నో ముఖాముఖీలలో చెప్పారు. ఆమెకు అది సహజమే కావచ్చు. చూసేవారికి మాత్రం దాని ఫలితం గట్టిదే. కురచ గౌను తొడిగిన గాయనిని చూడవచ్చిన వారికి ఇంటి ఆడపడుచులాంటి మనిషి ఎదురయ్యేసరికి చూపు తీరు మారింది. భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని రావడానికి సంకోచం తగ్గింది. కంచిపట్టు, చేతినిండా గాజులు, తలలో పూలు, నుదుట పెద్ద బొట్టు క్రమంగా ఆమెకు గుర్తులయ్యాయి. పిదప ఆ బొట్టులో బెంగాలీ లిపిలోని 'క' అక్షరం చేరింది.

మద్రాసు తరువాత బొంబాయిలో టాక్ ఆఫ్ ది టౌన్, ఆపై 1969లోనే కలకత్తాలో ట్రింకాస్. పార్క్ స్ట్రీట్ అప్పుడు దేశంలోకెల్లా పేరున్న సంగీత వీధి. మొకాంబో, బ్లూ ఫాక్స్, మూలాంరూజ్ పక్కపక్కనే ఉండేవి. ఆంగ్లో ఇండియన్, గోవా వాద్యకారులు రాత్రి వేళ జాజ్, పాప్ వాయించేవారు. స్విట్జర్లాండు దంపతులు నడిపిన తేనీటిశాలగా మొదలైన ట్రింకాస్ 1959లో భారతీయ యజమానుల చేతికి వచ్చింది. రాత్రి భోజనంతోపాటు పాట వినిపించడం వారి పద్ధతి. అక్కడ పాట వినవచ్చిన జానీ చాకో ఉతుప్ అనే కేరళ యువకుడిని ఆమె తదుపరి కాలంలో వివాహమాడారు. దేశానికి తెలిసిన ఇంటిపేరు అలా వచ్చింది.

క్లబ్బులో పాడటం సభలో పాడటం వంటిది కాదు. సభకు వచ్చినవాడు టిక్కెట్టు కొని, పాట కోసమే వచ్చి, నిశ్శబ్దంగా కూర్చుంటాడు. క్లబ్బుకు వచ్చినవాడు ఆకలితో వచ్చాడు. కత్తి, చెంచా చప్పుడు, బేరర్ల నడక, పక్క బల్ల మీది ముచ్చట్ల నడుమ వాని చెవిని పట్టుకోవాలి. అందుకే భోజనాల వేళ నెమ్మదైన పాటలతో మొదలుపెట్టి, కడుపులు నిండాక వేగం పెంచుతారు. ఎవరి కాలు బల్ల కింద తాళం వేస్తున్నదో గాయని కనిపెట్టాలి. తెరలేదు, మరుగు లేదు. పాట తేలిపోతే ఆ క్షణమే తెలిసిపోతుంది. మన హరిదాసు సభను చూసి పిట్టకథను పెంచడం, కుదించడం ఎటువంటిదో ఇదీ అటువంటి విద్యే. పాటకూ పాటకూ నడుమ ఉషా ఉతుప్ చెప్పే కబుర్లు, ముందు వరుసవారిని పేరడిగి పలకరించడం, చప్పట్లు కొట్టించడం, చరణం సగంలో మైకును శ్రోతల వైపు చాపడం ఈ బడిలో నేర్చుకున్నవే. వేలమంది పట్టే మైదానంలో పాడినా ఆమె తీరు పది బల్లల గదిలో పాడినట్టే ఉంటుంది.

భాష మార్చడం కూడా ఈ విద్యలో భాగం. ఎదుట మలయాళీ కనిపిస్తే మలయాళం, పంజాబీ కనిపిస్తే పంజాబీ. ఆమె పాడిన భారతీయ భాషలు పదిహేనుకు పైగానే ఉన్నాయి. తెలుగు, తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ, తుళు, కొంకణి అందులో ఉన్నవే. బళ్లారి బజారులోనో, పర్లాకిమిడి వీధిలోనో మనిషిని చూసి మాట మార్చే అలవాటున్న కుటుంబాలకు ఇది ప్రత్యేకించి వివరించవలసిన పనిలేదు. కెన్యాలో ఆమె స్వాహిలీ గీతం 'మలైకా' పాడగా అధ్యక్షుడు జోమో కెన్యాట్టా ఆమెను గౌరవ పౌరురాలిని చేశారు. నైరోబీలో ఫెల్లినీ ఫైవ్ వాద్యబృందంతో కలిసి ప్రత్యక్ష కచేరీని రికార్డుగా తెచ్చారు.

సినిమా పిలుపు కూడా క్లబ్బు నుండే వచ్చింది. ఢిల్లీ ఒబెరాయ్ హోటలులో పాడుతుండగా దేవానంద్ తదితర చిత్రరంగ ప్రముఖులు విన్నారు. 'బాంబే టాకీ' (1970)లో శంకర్ జైకిషన్ సంగీతంలో ఆంగ్లగీతం, 'హరే రామ హరే కృష్ణ' (1971)లో ఆశా భోంస్లేతో కలిసి గానం, 'షాలిమార్' (1978)లో ఆర్.డి. బర్మన్ బాణీ వరుసగా వచ్చాయి. డిస్కో గాలి వీచాక బప్పీ లాహిరి సంగీతంలో 'ప్యారా దుష్మన్' (1980), 'అర్మాన్' (1981), 'డిస్కో డాన్సర్' (1982) పాటలు ఆమెను ఊరూరా వినిపించాయి. నిమిషానికి సుమారు నూట ఇరవై దెబ్బలు, ప్రతి దెబ్బకూ పెద్ద డ్రమ్ము; డిస్కో లయ ఇంతే. దానిమీద సన్నని గొంతు మునిగిపోతుంది, బరువైన గొంతు తేలుతుంది. బడిలో పనికిరానిదన్న గొంతు అక్కడ సరిగ్గా అమరింది. ఆ లయ తెలుగుకూ వచ్చింది: 'డిస్కో డాన్సర్' ఆధారంగా బాలకృష్ణ 'డిస్కో కింగ్' (1984) తయారైంది, బప్పీ లాహిరియే 'సింహాసనం' (1986), 'గ్యాంగ్ లీడర్' (1991) చిత్రాలకు బాణీలు కట్టారు.

గెలుపు వెంట అడ్డంకి కూడా వచ్చింది. 1980ల ప్రథమార్ధంలో పశ్చిమ బెంగాల్ ప్రజాపనుల శాఖ మంత్రి జతిన్ చక్రవర్తి ఆమె పాటను 'అపసంస్కృతి' అన్నారు. తెలుగువారికి అనువాదం అక్కరలేని మాట. ప్రభుత్వ అధీనంలోని సభాభవనాలు ఆమెకు ఇవ్వరాదన్నారు. గాయనికి వేదిక లేకపోతే కూలికి పని లేనట్టే. వాద్యకారుల కుటుంబాలూ ఆ కచేరీల మీదనే బతుకుతాయి. ఆమె కలకత్తా హైకోర్టుకు వెళ్లారు. 1984లో తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చింది. పాట నచ్చని మంత్రి వినడం మానవచ్చు. ప్రజల సొమ్ముతో కట్టిన భవనానికి తాళం వేయడం వేరే సంగతి. ఆ వివాదం తరువాత కూడా ఆమె నగరం విడిచిపోలేదు. అక్కడే వైబ్రేషన్స్ అనే రికార్డింగు స్టూడియో నెలకొల్పారు. నేటికీ ఆ నగరం ఆమెను 'దీదీ' అని పిలుస్తుంది.

తొలి క్లబ్బు ఉన్న సఫైర్ భవనం నేడు లేదు. పార్క్ స్ట్రీట్ రాత్రుల వెలుగు కూడా 1970ల నుండి తగ్గుతూ వచ్చింది. నక్సలైటు ఉద్యమ కాలపు భయాలు, విద్యుత్ కోతలు, వినోదపు పన్ను ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ట్రింకాస్ మాత్రం పాటను విడువలేదు. 2011లో ఆమెకు పద్మశ్రీ లభించింది. అదే ఏడాది వచ్చిన '7 ఖూన్ మాఫ్' చిత్రగీతానికి రేఖా భరద్వాజ్‌తో కలిసి ఫిలింఫేర్ బహుమతి అందుకున్నారు. అప్పటికి వయసు అరవై దాటింది. 2024లో పద్మభూషణ్ వచ్చింది. ఆ ఏడాది జూలైలోనే భర్త జానీ చాకో ఉతుప్ కన్నుమూశారు.

కచేరీ పొడవునా నిలబడి పాడటం ఆమె అలవాటు. అందుకోసం పట్టుచీర కింద చెప్పులకు బదులు కాన్వాసు బూట్లు తొడుగుతారు. వాటిపైన చీర గుడ్డనే అతికించి, అంచు రంగు కలిసేట్టు కుట్టిస్తారు. ఏ చీరకు ఆ జత.