మోకాలి మార్పిడి తర్వాత దిండు ఎక్కడ పెట్టాలి?

మోకాలి మార్పిడి ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన అమ్మీకో, నానీకో నొప్పి తగ్గాలని ఇంట్లోవాళ్లు మోకాలి కింద మెత్తటి దిండు పెడతారు. వెంటనే హాయిగా ఉంటుంది. కానీ నష్టం అక్కడే మొదలవుతుంది.

ఆపరేషన్ అయిన కీలులో వాపు, నీరు ఉంటాయి. కాలు కాస్త వంచితే లోపల చోటు పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. ఆ హాయి అందుకే. రాత్రీపగలూ అలాగే ఉంచితే మోకాలి వెనక కండరాలు, పొరలు బిగుసుకుపోయి కాలు పూర్తిగా చాపడం రాదు. అలా వంగిన మోకాలితో నడిస్తే కుంటు వస్తుంది, తొడ కండరం తొందరగా అలసిపోతుంది.

దిండు పెట్టాల్సింది మడమ కింద. వెల్లకిలా పడుకోబెట్టి, చుట్టిన టవల్ మడమ కింద పెడితే మోకాలి వెనక ఖాళీ ఉంటుంది. కాలు తన బరువుకే మెల్లగా తిన్నగా అవుతుంది. ఒక్కోసారి 10-15 నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు చేయాలి. కాలివేళ్లు పైకప్పు వైపు ఉండాలి. పాదం బయటికి ఒరిగిపోతుంటే పక్కన దుప్పటి చుట్ట ఆనించాలి. షుగర్ ఉన్నవాళ్లకు మడమ ఒత్తుకుని పుండు పడే ప్రమాదం ఉంది, రోజూ చూడాలి. వాపు తగ్గడానికి కాలు ఎత్తాలంటే పిక్క నుంచి పాదం దాకా దిండ్లు వేసి, గుండె కంటే ఎత్తులో, మోకాలు వంగకుండా ఉంచాలి. పక్కకు తిరిగి పడుకుంటే ఆపరేషన్ కాని కాలు కిందికి ఉండాలి, రెండు కాళ్ల మధ్య దిండు ఉండాలి.

రక్తస్రావం తగ్గడానికి కొందరు సర్జన్లు మొదటి ఒకటి రెండు రోజులు కాలు వంచి ఉంచుతారు. అది ఆసుపత్రి వరకే. మోకాలు వంచే వ్యాయామాలు కూడా వేరు, అవి మానకూడదు.

ఖిబ్లా వైపు కాళ్లు చాపడం ఇష్టం లేక కొందరు పెద్దలు కాలు ముడుచుకునే ఉంటారు. మన దగ్గర ఖిబ్లా పడమర. మంచం తల ఉత్తరానికి, కాళ్లు దక్షిణానికి వచ్చేలా తిప్పితే ఆ బాధ ఉండదు. నమాజు కుర్చీలో చేసుకోవచ్చు. నిలబడలేనివారు కూర్చుని, అదీ కుదరకపోతే పక్కకు పడుకుని చేయవచ్చని సహీహ్ బుఖారీలో హదీసు ఉంది. కుర్చీలో సజ్దాకు రుకూ కంటే కొంచెం ఎక్కువ వంగితే సరిపోతుంది. దస్తర్‌ఖాన్ దగ్గర కింద కూర్చోవడం మాత్రం వద్దు.

మేడారం లాంటి ఊళ్లకు ప్రయాణం ఇంకో సమస్య. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో, ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్న ఈ ఊరు వరంగల్ నగరానికి సుమారు 100 కిలోమీటర్లు. డిశ్చార్జి రోజు కారు ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, కాలు వీలైనంత చాపి కూర్చోబెట్టాలి. గంటకోసారి ఆపి నాలుగు అడుగులు వేయించాలి. రెండేళ్లకోసారి సమ్మక్క-సారలమ్మ జాతరకు ఈ దారిలో గంటల తరబడి ట్రాఫిక్ ఆగుతుంది. వాయిదా వేయగలిగిన ఆపరేషనే కాబట్టి ఆ రోజులు తప్పించి డేట్ అడగడం మంచిది.

దారిలోనూ, మంచం మీదా పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి, రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. పిక్కకు నూనె మాలిష్ చేయొద్దు. లోపల గడ్డ ఉంటే కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వచ్చినా, జ్వరంతో గాయం నుంచి చీము కారినా ఆపరేషన్ చేసిన డాక్టరుకు అదే రోజు చూపించాలి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే ఆగకుండా 108కు ఫోన్ చేయాలి.