తవుడు మర్యాద

మా చిన్నతనంలో ఇంట్లో దంపిన బియ్యం చెరిగితే వచ్చిన తవుడంతా గేదె కుడితిలోకి పోయేది. మిల్లు వచ్చాక ఆ కాస్త శ్రమా తప్పింది. మల్లెపువ్వులాంటి అన్నం వడ్డించడమే చుట్టాలకు మర్యాద అనుకున్నాం. పెన్షన్ తీసుకునే వయసు వచ్చాక, సంఘం సమావేశాల్లో పెన్షన్ బకాయిల తర్వాత మనవాళ్ళు ఎక్కువగా మాట్లాడుకునేది మలబద్ధకం గురించే కాబట్టి, ఆ తవుడు కథ కొంచెం చెప్పుకోవడం అసందర్భం కాదనుకుంటాను.

తవుడులో ఏదో ఉందని మొదట చెప్పినవి జావాలోని కోళ్ళు. 1890వ దశకంలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్ అక్కడ పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవడం, ముడిబియ్యం పెడితే కోలుకోవడం చూశాడు. ఆ దారిలోనే బి విటమిన్ బయటపడింది. ఆయనకు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. కాని విటమిన్‌కు దక్కిన గౌరవం పీచుకు దక్కలేదు. అరగనిది ఒంటికెందుకన్నారు.

ఆ మాట ఒప్పుకోనివాడు బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు క్లీవ్. రెండవ ప్రపంచయుద్ధంలో, 1941లో, ఆయన 'కింగ్ జార్జ్ ది ఫిఫ్త్' అనే యుద్ధనౌక మీద ఉన్నాడు. తాజా కూరగాయలు కరువై నావికులకు విరేచనం కావడం కష్టమైంది. క్లీవ్ గోధుమ తవుడు బస్తాలు తెప్పించి పెట్టించాడు. గుణం కనిపించింది. తోటివారు నవ్వి 'తవుడు మనిషి' అని పేరు పెట్టారట!

ఆ నవ్వును ఆపినవాడు డెనిస్ బర్కిట్. ఉగాండాలో చాలాకాలం పనిచేసిన శస్త్రవైద్యుడు, చిన్నతనంలోనే ఒక కన్ను పోగొట్టుకున్నవాడు. 1960వ దశకం చివర క్లీవ్ ఆలోచనలు విని, ఆఫ్రికా పల్లెల్లో తాను చూడని రోగాలు ఇంగ్లండులో ఎందుకున్నాయని ఆరా తీయడం మొదలుపెట్టాడు. మిషన్ ఆసుపత్రులకు ఉత్తరాలు రాశాడు. ఎక్స్‌రేలో కనిపించే చిన్న గుళికలు మింగించి, అవి ఎన్ని గంటలకు బయటపడతాయో లెక్కపెట్టించాడు. 1972లో అచ్చయిన ఆ లెక్కల ప్రకారం ఉగాండా పల్లెవాసికి సుమారు ఒకటిన్నర రోజు పడితే, బ్రిటిష్ నావికుడికి మూడు రోజులు దాటింది. ఈ విషయం పదిమందిలో చెప్పుకోవడానికి మనం సిగ్గుపడతాం గాని, ఆయన పడలేదు.

అదే ఏడు పెయింటర్ అనే వైద్యుడు ఇంకో పాత అలవాటును తలకిందులు చేశాడు. పెద్దపేగు గోడలో తిత్తులు ఏర్పడే జబ్బుకు అంతవరకు మెత్తని, పీచులేని పథ్యమే పెట్టేవారు. ఆయన 70 మంది రోగులకు తవుడు కలిపిన ఆహారం ఇప్పించగా ఎక్కువమందికి బాధ తగ్గింది.

బర్కిట్ చెప్పిందంతా నిలవలేదు. తవుడు తింటే పెద్దపేగులో కంతులు మళ్ళీ రావనుకున్నారు. 2000లో వెలువడిన అమెరికా పరీక్షలో అది రుజువు కాలేదు. ఆయన చూడని మేలు మాత్రం ఇంకోచోట కనిపించింది. పీచును మనం అరిగించుకోలేకపోయినా పెద్దపేగులోని సూక్ష్మజీవులు కొంత పులియబెడతాయి. అప్పుడు పుట్టే బ్యుటిరేట్ అనే ఆమ్లమే పేగు లోపలిపొర కణాలకు ముఖ్యమైన ఇంధనమని 1980లో రోడిగర్ చూపాడు. మేలుచేసే సూక్ష్మజీవులకు మేతయ్యే ఇటువంటి పదార్థాలకు 'ప్రీబయోటిక్' అనే పేరు గిబ్సన్, రాబర్‌ఫ్రాయిడ్ 1995లో పెట్టారు. గోధుమ తవుడులోని అరబినోజైలాన్ అనే పీచును ఎంజైములతో చిన్న ముక్కలు చేస్తే బిఫిడో జాతి సూక్ష్మజీవులు దాన్ని ఇష్టంగా తింటాయి. అంటే కుడితి గేదెకే కాదు, మన కడుపులో ఉన్నవాటికీ కావాలన్నమాట.

ఇది చదివి రేపే గుప్పెళ్ళకొద్దీ తవుడు మింగకండి. నేనలా చేసి మూడు రోజులు కడుపుబ్బరంతో మంచం దిగలేదు. ఒక చెంచాతో మొదలుపెట్టి, నీళ్ళు బాగా తాగాలి. పేగు ఆపరేషన్ అయినవారు డాక్టరుగారిని అడగందే ముట్టుకోకూడదు. బియ్యపు తవుడు త్వరగా కనరెక్కుతుంది కనుక మిల్లునుంచి తెచ్చి డబ్బాలో దాచుకునే పని పెట్టుకోవద్దు. మా ఇంట్లో ఇప్పుడు జల్లించని గోధుమపిండితోనే రొట్టెలు. జల్లెడ అటక మీద ఉంది.