సమాధుల తోటలో టిఫిను

లేవండి, మూడున్నరయింది. నాయనమ్మ అప్పటికే తలంటుకుని, తెల్లచీర కట్టుకుని గడప మీద కూర్చుంది. ఈస్టరు ముందు రాత్రి ఆమె నిద్రపోవడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు. వంటింట్లో అమ్మ ఇడ్లీ పాత్ర మూత తీసింది. ఆవిరికి బల్బు మసకబారింది. వదిన వేరుశనగ చట్నీ క్యారియర్లోకి వంచుతోంది. అన్నయ్య కొడుకు, మా బుడ్డోడు, ఒక కాలికి చెప్పేసుకుని రెండోదాని కోసం మంచం కింద దూరాడు.

ఒక్క నిమిషం ఆగి అమ్మ చెయ్యి చూడండి. తిరిగొచ్చాక వండే అన్నానికి బియ్యం కొలుస్తోంది. మూడు గ్లాసులు పోసింది. కడగకముందే అందులోంచి ఒక పిడికెడు తీసి కిటికీలో ఉన్న పాత డబ్బాలో వేసింది. పూటకో పిడికెడు. ఆదివారం ఆ డబ్బా గుడికి పోతుంది. బస్తా నిండుగా ఉన్నప్పుడూ అదే పిడికెడు, అడుగున నాలుగు గింజలున్నప్పుడూ అదే. తిన్నాక మిగిలింది పెట్టడం కాదు, ఎసట్లో పడకముందే తీసేది. చిన్నప్పుడు నాకిది పిచ్చిలా అనిపించేది. మనకే చాలనప్పుడు ఎందుకమ్మా అంటే, "చాలదని తెలిసేది వండాక గదరా" అనేది.

బయటికి రండి. టార్చి అక్కర్లేదు. పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారానికే ఈస్టరు గనక ఏ ఏడాదైనా ఈ వేళకు చంద్రుడు ఆకాశంలో ఎక్కడో ఒకచోట ఉంటాడు. వీధిలో మల్లెపూల వాసన, దాని వెనకే పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్ల వైపు నుంచి ఆకు వాసన. మాది ఒంగోలు చుట్టుపక్కల పల్లె. ఇక్కడ తెల్లవారుజామున లేచి ప్రార్థనకు పోవడం కొత్తేమీ కాదు. 1854 జనవరి ఒకటిన, ఇంకా పొద్దు పొడవకముందే, మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ఇంకొందరు ఒంగోలు కొండెక్కి ఈ ఊళ్ల కోసం ప్రార్థన చేశారు. మొత్తం కలిపితే అయిదుగురు. ఈ ఊళ్లకు పంపమని వాళ్లు దేవుణ్ణి అడిగిన మిషనరీ, క్లౌ దొర, ఒంగోలు చేరింది 1866లో. పన్నెండేళ్లు! మా నాయనమ్మకు ఈ లెక్కంటే మహా ఇష్టం. ఎవరి పెళ్లి కుదరకపోయినా, ఎవరికి ఉద్యోగం రాకపోయినా "పన్నెండేళ్లు కాలేదుగా ఇంకా" అంటుంది. విన్నవాళ్లకు ఓదార్పో, బెదిరింపో తెలియదు.

అదిగో సమాధుల తోట. తాటిచెట్ల మధ్య తీగకు కట్టిన బల్బులు, వాటి కింద తెల్లగా వరసలు. నిన్న మధ్యాహ్నమంతా మేం ఇక్కడే ఉన్నాం. అన్నయ్య ముళ్లకంప కొట్టాడు, నేను సున్నం కొట్టాను. వేళ్ల సందుల్లో ఇంకా మండుతోంది. రాళ్ల మీద పేర్లకు నల్లరంగు దిద్దే పని బుడ్డోడిది. వాడి ముత్తాత పేరులో ఒక దీర్ఘం ఎక్కువ పడింది. "పోన్లే, పొడుగైన మనిషేగా" అంది నాయనమ్మ. మన ఊళ్లల్లో శ్మశానమంటే చీకటి పడ్డాక అటు చూడరు. మా పిల్లలకు మాత్రం ఏడాదికోసారి కొత్త బట్టలతో, పూలతో, ఇడ్లీలతో పోయే చోటు. దెయ్యాల కథలు ఇక్కడ ఎంతకీ రక్తి కట్టవు.

పాస్టరు అయ్యగారి ప్రార్థన గురించి ఎక్కువ చెప్పను. మైకు రెండుసార్లు కీచుమంది. పునరుత్థానం పాట పాడాం. వెనక వరస వాళ్లు ఒక చరణం వెనకపడ్డారు. ఆమేన్ అనగానే జనం ఎవరి సమాధుల దగ్గరికి వాళ్లు చీలిపోయారు. అసలు పండుగ ఇప్పుడే మొదలు.

మా ఇంటివి అయిదు. కొంగు తల మీద కప్పుకుని నాయనమ్మ ముందు నడుస్తుంది. ఆమె పెట్టిన పద్ధతొకటుంది: ఒక్కో సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి, ఆ మనిషి వల్ల మనకు దక్కినదాన్ని ఒక్కటి చెప్పాలి. మంచివాడు, ప్రేమగలవాడు అంటే ఒప్పుకోదు. "అది రాతి మీద రాసుకునేది. నీకేం దక్కిందో చెప్పు."

మొదటిది గోడ వారన పేరు లేని బండ. మా తాతకు ముత్తాత అంటారు. 1876లో మొదలైన కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో కొంత ముక్క తవ్వే పని ఒప్పుకుని కూలి ఇప్పిస్తే, అక్కడ మట్టి మోసినవాడు. తిండి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని, కరువు పని నడిచినంతకాలం దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. మా ముసలాయన వాళ్లలో ఉన్నాడో లేదో రాసిన కాగితమేమీ మా దగ్గర లేదు. బతికినన్నాళ్లూ సెంటు భూమికి పట్టా ఎరగని మాదిగ పల్లె మనుషులకు ఇక్కడ ఆరడుగులు, ఒక రాయి ఉన్నాయి. నేనైతే దానికే స్తోత్రం చెప్తాను, చెప్పాను కూడా.

తాత దగ్గర అన్నయ్య వంతు. ఈసారి వేలానికి పదకొండు పొగాకు బేళ్లు తోలాడు. "ఎనిమిది పోయాయి, మూడు 'నో బిడ్' అయి తిరిగొచ్చాయి. పైరు పెట్టడం నేర్పినందుకు తాతకు వందనం. ఎనిమిదింటికి దేవుడికి స్తోత్రం. మూడింటి సంగతి ఆయనే చూసుకోవాల." వదిన నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయనమ్మ మాత్రం తల ఊపింది. ఉన్నదున్నట్టు చెప్పిన ప్రార్థన ఆమెకు నచ్చుతుంది.

మూడోది మూరెడు సమాధి. మా మేనత్త. నాలుగేళ్లు నిండకుండానే జ్వరంతో పోయింది. ఇక్కడ మేమెవరం ఏమీ చెప్పం, నాయనమ్మ తప్ప మాలో ఎవరూ ఆమెను చూడలేదు. గాలికి వత్తి రెండుసార్లు ఆరింది. బుడ్డోడు సగానికి కోసిన నీళ్ల సీసా తెచ్చి బోర్లించాడు. నాయనమ్మ కింద కూర్చుని రాతి మీద చెయ్యేసి, "నీళ్లు పోసేటప్పుడు చెవుల్లో పొయ్యొద్దమ్మా అనేది. ఆ గొంతు నాకు ఇంకా ఇనపడతది. అది దక్కింది" అంది. యాభై ఏళ్లు పైబడ్డాయి. ప్రతి ఏడాదీ ఇదే మాట, ఇంకోటి లేదు. మళ్లీ చూస్తాననే నమ్మకం ఆమెకు ఎంత గట్టిదంటే, "అక్కడ దానికి నీళ్లెవరు పోస్తున్నారో" అని ఒక్కోసారి మామూలుగా, పక్కూరి చుట్టాలింట్లో వదిలొచ్చిన పిల్ల గురించి అన్నట్టు అంటుంది.

తాతమ్మ దగ్గర త్వరగానే అయింది. ఇక నాన్న.

పోయిన ఏడాది ఇక్కడ నేను నోరు తెరవలేదు. తాగుడు, అప్పులు, అమ్మ చెవుల తమ్మెలు బోసిపోవడం, ఇవన్నీ ఇక్కడున్న అందరికీ తెలుసు. తెలిసీ నా వైపే చూస్తున్నారు. కొవ్వొత్తి మైనం వేలి మీద పడింది. వెతికాను, నిజంగానే వెతికాను. బ్యారన్ గుర్తొచ్చింది. ఆకు కాల్చే రోజుల్లో నాన్న రాత్రంతా పొయ్యి దగ్గరే ఉండేవాడు. వేడి తగ్గితే ఆకు పాడు, పెరిగితే పాడు. ఆ రాత్రుళ్లు తాగేవాడు కాదు. నేను అన్నం క్యారియర్ తీసుకుపోతే బూడిదలోంచి కర్రతో చిలగడదుంప లాగి, పైపొట్టు తీసి, ఊది ఊది నా చేతిలో పెట్టేవాడు.

"చిలగడదుంప" అన్నాను. ఇంకేమీ రాలేదు. కోపం పోయిందని అనను, ఉంది. అమ్మ మాత్రం ముక్కు ఎగబీల్చి, "ఉప్పు కూడా పొట్లం కట్టి పెట్టుకునేవాడు" అంది. ఆ సంగతి నాకు తెలియదు.

తెల్లారింది. అందరం ప్రహరీ గోడ మీద వరసగా కూర్చుని ఇడ్లీలు తింటున్నాం, మీరూ ఒక రెండు వేసుకోండి. పక్క కుటుంబం వాళ్లు పులిహోర పంపారు. ఎవరిదో చంటిపిల్ల సమాధుల మధ్య దోగాడుతుంటే మోకాళ్లకు సున్నం అంటింది. తాత పక్కన ఖాళీగా ఉన్న చోటును నాయనమ్మ కాలితో కొలిచి చూసి, "ఈడ గడ్డి పీకారు గానీ సున్నం గుమ్మరించారేందిరా, తవ్వాల్సిన నేల గదా" అని అన్నయ్యను కసిరింది. తర్వాత ఇంకో ఇడ్లీ అడిగింది.

ఎనిమిదిన్నరకు గుడి గంట కొడతారు, తొమ్మిదింటికి ఆరాధన. ఇంటికి రాగానే అమ్మ కిటికీలో డబ్బా దించి బుడ్డోడి చేతికిచ్చింది. వాడు రెండు చేతులా పట్టుకుని ముందు నడుస్తున్నాడు. వారం రోజుల పిడికిళ్లన్నీ కలిపినా అందులో కిలో బియ్యం ఉండవు.