గోధుమ పంటపై ఓజోన్ కాలుష్యం
ఆకాశంలో ఎత్తున మనల్ని కాచే ఓజోన్, నేల దగ్గర పైరుకు విషం. వాహనాలు, థర్మల్ విద్యుత్ కేంద్రాలు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు, కర్బన ఆవిర్లు ఎండలో చర్య జరిపి దీన్ని పుట్టిస్తాయి. పత్రరంధ్రాల గుండా ఆకులోకి చేరి కణాల పొరలను దెబ్బతీస్తుంది, కిరణజన్య సంయోగక్రియను కుంటుపరుస్తుంది. వెన్నుకు ఆహారం అందించే పోటాకు ముందే పండుబారి, గింజ పూర్తిగా నిండదు. ఆకుపై లేత మచ్చలను తెగులని పొరబడటమూ తేలికే.

గంగా మైదానంలో రబీ గోధుమ గింజకట్టే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే ఎండతోపాటు ఓజోన్ పెరుగుతుంది. 2005లో దేశం ఇలా సుమారు 35 లక్షల టన్నుల గోధుమ, 21 లక్షల టన్నుల వరి కోల్పోయిందని 2014లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా. ఇంతటి నష్టం రైతు కంటికి కనబడకపోవడమే బాధాకరం. వరికంటే గోధుమే ఓజోన్‌కు త్వరగా లొంగుతుంది.