ముప్ఫై ఆరు బొమ్మల రీలూ, రాత్రి ముహూర్తమూ

1980ల, 90ల నాటి పెళ్లి ఆల్బమ్ ఏ తెలుగింట్లో తెరిచినా ఒక ఫొటో తప్పకుండా ఎదురవుతుంది. పెళ్లికూతురి ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. ఆమె వెనక మండపం, దీపాలు, చుట్టాలు అన్నీ చీకట్లో కలిసిపోయి ఉంటాయి. రాయపూర్‌కూ భిలాయికీ నడుమ, ఖారున్ నది పడమటి ఒడ్డున ఉన్న కుమ్హారిలాంటి ఊళ్లలో ఈ విషయం మరీ ఆలోచింపజేస్తుంది. సోవియట్ సాయంతో భిలాయిలో ఉక్కు కర్మాగారం కట్టడానికి 1955లో ఒప్పందం కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ ఉక్కు వెంటే ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు ఈ ప్రాంతానికి వచ్చాయి. మూడు షిఫ్టుల కొలువున్న చోట ఇంటిల్లిపాదీ ఒకచోట చేరేది చాలాసార్లు పొద్దుగూకాకే. పైగా అర్ధరాత్రి దాటిన ముహూర్తాలు మనకు కొత్త కావు. ఇంత రాత్రి బతుకు బతికినవాళ్ల ఆల్బమ్‌లలో రాత్రి ఎందుకు కనిపించదు? కెమెరా చిన్నది, ఫిల్ము మందకొడిది అని సరిపెట్టుకుంటాం. నా లెక్కలో అసలు కారణాలు వేరే రెండున్నాయి: రీలును పొదుపుగా వాడుకున్న తీరు, ఆ రీలును కడిగిన యంత్రం.

ఫిల్ముకు వేగం ఉంటుంది, అంటే వెలుతురును ఎంత త్వరగా పట్టుకుంటుందన్న లెక్క. ఎఫ్ 2.8 లెన్సుతో 100 వేగం ఫిల్ము సెకనులో నాలుగో వంతు వెలుతురు అడిగే గదిలో 400 ఫిల్ముకు పదిహేనో వంతు చాలు. ఆ 400 ఫిల్మునే 1600 అనుకుని తీస్తే అరవయ్యో వంతు సరిపోతుంది. చెయ్యి వణికినా బొమ్మ నిలిచేది ఆ చివరి లెక్కలోనే. ఇలా ఎక్కువ వేగం అనుకుని తీసి, తగ్గిన వెలుతురును కడిగేటప్పుడు డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచి కొంత పూడ్చుకోవడమే పుష్ చేయడం. కోడాక్ ట్రై-ఎక్స్ 35 మి.మీ. రీలుగా 1954లో వచ్చింది, ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 1976లో. పత్రికల ఫొటోగ్రాఫర్లు వీటిని దశాబ్దాలపాటు ఇలాగే వాడారు. కాబట్టి విద్య లేక కాదు.

అయితే ఈ విద్యకు ఒక షరతుంది. డెవలపర్‌లోకి దిగేది రీలు మొత్తం. పదో బొమ్మను పుష్ చేసి పదకొండోదాన్ని మామూలుగా వదిలేయడం కుదరదు. పత్రికాఫీసుకు ఇది అడ్డంకే కాదు. ఒక సభకు ఒక రీలు, ఒకే లెక్క, ఆ రాత్రికే కడుగుడు. ఇంటి కెమెరా సంగతి వేరు. ముప్ఫై ఆరు బొమ్మల రీలు సంక్రాంతికి ఎక్కితే వేసవి సెలవుల్లో గానీ దిగదు. అందులో ఎండలో తీసిన పండగ పూట పిల్లలూ, నది ఒడ్డు పిక్నిక్కూ, రాత్రి పుట్టినరోజు కేకూ అన్నీ పక్కపక్కనే ఉంటాయి. ఆ రీలును పుష్ చేస్తే రాత్రి బొమ్మలు బాగుపడినా పగటివి చెడతాయి. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 1967 నుంచి ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు ఫిల్ము తయారుచేసినా, రీలంటే చూసి చూసి ఖర్చుపెట్టే వస్తువుగానే మిగిలింది. ఒక్క రాత్రి కోసం ఒక రీలు కేటాయించడం జీతం మీద బతికే ఇంట్లో దుబారా కిందే లెక్క.

కెమెరాదే తప్పంటారా? కొంత నిజమే. 1967లో వచ్చిన ఒలింపస్ ట్రిప్ 35 ఆటోలో ఉండి వెలుతురు చాలకపోతే వ్యూఫైండర్‌లో ఎర్ర జెండా ఎత్తి, బటన్ నొక్కనివ్వదు. కానీ దాని వేగం చక్రం మన చేతిలోనే ఉండేది. 400 దాకా మనం చెప్పిందే అది నమ్మేది. కోడాక్ 1983లో తెచ్చిన డీఎక్స్ కోడ్ ఆ మాటను మన నోట్లోంచి తీసేసింది. డబ్బా మీది నలుపు, వెండి గళ్లను కెమెరాయే చదువుకుంటుంది. 400 రీలును 1600 అని నమ్మించాలంటే ఆ గళ్ల మీద టేపు అంటించడమో, గీకడమో చేయాలి. చాలా చవక కెమెరాల్లో ఆ చదువు కూడా అంతంతమాత్రమే. అప్పటికే 1975లో కోనికా సి35 ఈఎఫ్ ఫ్లాష్‌ను కెమెరాలోనే ఇమిడ్చింది. కెమెరా తెలివి మీరేకొద్దీ రాత్రికి మిగిలిన జవాబు ఫ్లాష్ ఒక్కటే అయింది.

ఇక్కడొక గట్టి అభ్యంతరం ఉంది. పెళ్లి ఫొటోగ్రాఫర్ ఒక్క రాత్రిలో నాలుగైదు రీళ్లు ఖాళీ చేస్తాడు కదా, అతనికేం అడ్డు? నలుపు తెలుపు రోజుల్లో నిజంగానే అడ్డు తక్కువ. స్టూడియో వెనక గదిలో ట్యాంకు, గడియారం అతనివే. మే నెలలో కుళాయి నీళ్లే కాలే చోట డెవలపర్‌ను 20 డిగ్రీలకు దించడానికి ఐసు ముక్కలు వెతుక్కోవాల్సి వచ్చినా, ఎంతసేపు ఉంచాలో తేల్చేది అతనే. రంగుల ఫిల్ము ఆ పెత్తనాన్ని లాక్కుంది. 1972లో వచ్చిన సీ-41 పద్ధతికి డెవలపర్ 37.8 డిగ్రీలు, సమయం 3 నిమిషాల 15 సెకన్లు. నొరిత్సు 1976 నుంచి తెచ్చిన మినీల్యాబ్ యంత్రాల్లో అందరి రీళ్లూ ఒకదాని వెనక ఒకటి ఒకే వేగంతో నడుస్తాయి. ఒకరి రీలు కోసం యంత్రాన్ని నెమ్మది చేయడం అసాధ్యం కాదు గానీ, గంటలో ప్రింట్లు ఇస్తామని బోర్డు పెట్టిన కౌంటర్‌లో దానికి తీరిక ఎక్కడిది?

జనం కోరుకున్నది ఆ తెల్లటి ముఖాన్నే, నగలు మెరిస్తే చాలన్నారు అనే మాటా వినిపిస్తుంది. కోరారు, కాదనను. రంగుల ఫిల్మును బల్బు వెలుతుర్లో తీస్తే పసుపు ముంచేస్తుంది, పుష్ చేస్తే గింజలు పైకి తేలతాయి. పైగా పుష్ లేని వెలుతురును పుట్టించదు, పందిరి మూలల్లో కూర్చున్న మేనత్తలు అప్పుడూ కనిపించేవాళ్లు కాదు. కానీ కోరిక అన్నది ఉన్నవాటిలోంచి ఎంచుకునేది. బల్బు వెలుతుర్లో మెత్తగా తేలిన ముఖాన్ని రెండో నమూనాగా వాళ్ల ముందు పెట్టిన కౌంటర్లు అరుదు. ఆ సున్నపు తెలుపులో సగం ఫ్లాష్ చేసింది కాదు కూడా. వెనక చీకటి ఎక్కువుంటే నెగటివ్ పలచనవుతుంది, దాన్ని సగటు చూసుకున్న ప్రింటింగ్ యంత్రం కాగితానికి వెలుతురు తగ్గిస్తుంది, ముఖం వెలిసిపోతుంది. నెగటివ్‌లో ఆ ముఖం చాలావరకు భద్రంగానే ఉంటుంది. ఆల్బమ్ అట్ట వెనక దోపిన నెగటివ్ కవరును పారేయకుండా స్కాన్ చేయించిన ఇళ్లలో పెళ్లికూతురి బుగ్గచుక్క తిరిగి కనిపించవచ్చు. వెనక మండపం మాత్రం చాలావరకు రాదు, అక్కడి వెలుతురు ఫిల్ము మీద సరిగా పడనే లేదు. డిజిటల్ కెమెరా వచ్చాక ఒక బొమ్మ 100లో, పక్కది 1600లో తీయడం కుదిరింది. సంక్రాంతి ఎండా, రాత్రి ముహూర్తమూ ఒకే కార్డులో ఇమిడాయి.