ఒంటరి బాల ప్రయాణికులు – చౌక విమాన సంస్థల నిబంధనలు

అమ్మానాన్నలు గానీ, సంరక్షకులు గానీ వెంట లేకుండా విమానమెక్కే పిల్లలను విమానయాన పరిభాషలో ‘అన్‌అకంపనీడ్ మైనర్’ అంటారు. విమానాశ్రయ సిబ్బంది క్లుప్తంగా ‘యూఎం’ అనేస్తారు. ఏ వయసు పిల్లలను ఒంటరిగా ఎక్కించుకోవచ్చన్న దానిపై ప్రపంచమంతటికీ వర్తించే చట్టమేదీ లేదు. ఈ సేవ అందించి తీరాలని అమెరికా ప్రభుత్వం కూడా ఏ సంస్థనూ నిర్బంధించదు. కాబట్టి ఏ సంస్థకు ఆ సంస్థ రాసుకున్న ప్రయాణ షరతులే చెల్లుతాయి. చౌక విమాన సంస్థలకు వచ్చేసరికి ఆ షరతులు బాగా బిగుసుకుంటాయి.

ఐర్లాండ్‌కు చెందిన రయన్‌ఎయిర్ 16 ఏళ్లలోపు పిల్లలను ఒంటరిగా ఎక్కించుకోదు. రుసుము కడతామన్నా తోడుగా ఉండే సేవ అక్కడ లేదు. హంగరీ సంస్థ విజ్ ఎయిర్ గీత 14 ఏళ్లు. ఈ రెండింటిలోనూ వెంట వెళ్లేవారికి 16 నిండితే చాలు. అంటే ఇంటర్ చదివే అన్నయ్య తోడున్నా తమ్ముడు ప్రయాణించవచ్చు. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్‌కు విమానాలు నడిపే ఎయిర్‌ఏషియా 12 ఏళ్లలోపు వారిని తోడు లేకుండా తీసుకోదు. అమెరికాలో సౌత్‌వెస్ట్ మాత్రం 5 నుంచి 11 ఏళ్ల పిల్లలను అదనపు రుసుము మీద తీసుకెళుతుంది. అయితే మధ్యలో విమానం మారే ప్రయాణానికి ఒప్పుకోదు.

మన దేశంలో చౌక ప్రయాణాలకు పేరుపడిన ఇండిగో, స్పైస్‌జెట్ ఈ సేవ అందిస్తున్నాయి. 5 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు ఇది వర్తిస్తుంది, దీనికి రుసుము విడిగా ఉంటుంది. దిగబెట్టేవారి పేరు, అవతలి ఊళ్లో తీసుకెళ్లేవారి పేరు, ఫోన్ నంబర్లు ఒక ఫారంలో రాసి సంతకం చేయాలి. ఫారంలో పేరున్న మనిషే గుర్తింపు కార్డు చూపి బిడ్డను తీసుకెళ్లాలి. తాతయ్య పేరు రాసి మేనమామను పంపితే సిబ్బంది అప్పగించరు. ఆ పట్టింపు విసుగు పుట్టించినా బిడ్డకు రక్ష అదే.

వేసవి సెలవుల్లో పిల్లవాణ్ణి ఆర్టీసీ బస్సెక్కించి, “కాస్త చూసుకోండి బాబూ, విజయవాడలో వాళ్ల తాతయ్య ఉంటారు” అని కండక్టర్‌కు చెప్పి పంపడం తెలుగు ఇళ్లలో ఎరిగినదే. విమానంలో ఆ మాటసాయానికి తావు లేదు. బిడ్డను ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి అప్పగించారో ప్రతి మలుపులోనూ రాతలో ఉండాలి. అయితే దిగిన విమానం అరగంటలో మళ్లీ ఎగిరితేనే చౌక సంస్థలకు గిట్టుబాటు. నేల మీద సిబ్బంది తక్కువ, చెక్-ఇన్ చాలావరకు ఆన్‌లైన్‌లోనే. ఒక బిడ్డ కోసం ఒక ఉద్యోగిని కేటాయించడం ఆ లెక్కలో ఇమడదు. దానికితోడు విమానం రద్దయినా, ఆలస్యమైనా ఒంటరి పిల్లల అవసరాలను ప్రత్యేకంగా పట్టించుకోవాలని ఐరోపా సమాఖ్య 261/2004 నిబంధన చెబుతోంది. రాత్రంతా ఒక బిడ్డ బాధ్యత మోయలేని సంస్థ ముందే వద్దనడం, ఎక్కించుకుని తర్వాత చేతులెత్తేయడం కంటే నిజాయతీ అయిన పని.

బిడ్డ బాధ్యత మీద పడుతుందన్న భయం ఊహ కాదు. 2018 జూలైలో అమెరికా చౌక సంస్థ ఫ్రాంటియర్ విమానంలో డి మొయిన్ నుంచి ఒర్లాండోకు ఒంటరిగా బయలుదేరిన ఇద్దరు చిన్నపిల్లలు, వాతావరణం బాగోలేక విమానం అట్లాంటాకు మళ్లడంతో, ఆ రాత్రి సంస్థ ఉద్యోగి పర్యవేక్షణలో హోటల్‌లో ఉండాల్సి వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో ఫ్రాంటియర్ 15 ఏళ్లలోపు వారి ఒంటరి ప్రయాణాలను ఆపేసింది. 2023 డిసెంబర్‌లో ఫిలడెల్ఫియా నుంచి ఫోర్ట్ మయర్స్ చేరాల్సిన ఆరేళ్ల బిడ్డను మరో అమెరికా చౌక సంస్థ స్పిరిట్ సిబ్బంది పొరపాటున ఒర్లాండో విమానం ఎక్కించారు. బిడ్డ క్షేమంగానే ఉన్నా, అవతల ఎదురుచూస్తున్న అమ్మమ్మ పడ్డ ఆందోళనకు వెల కట్టలేం.

12, 14, 16 అన్న అంకెలు ఎవరు ఒంటరిగా ఎక్కవచ్చో చెబుతాయే తప్ప బాధ్యత ఎవరిదో చెప్పవు. భారత చట్టం దృష్టిలో 18 నిండేదాకా మైనరే. 12 దాటిన పిల్లవాడికి సంస్థ మామూలు టికెట్ ఇచ్చిందంటే, ఇకపై వెంట నడిచే ఉద్యోగి ఉండడని అర్థం. విమానం మళ్లిపోతే ఎవరికి ఫోన్ చేయాలో, ఎవరితో బయటికి వెళ్లకూడదో ఇంట్లోనే నేర్పి పంపాలి. బుకింగ్‌లో వయసు పెంచి రాసే తల్లిదండ్రులు సంస్థను కాదు, బిడ్డనే మోసం చేస్తున్నారు. గేటు దగ్గర ఆ అబద్ధం బయటపడితే అందరి ముందూ ఆగిపోయేది ఆ బిడ్డే.

ఫారంపై సంతకం ఎవరు చేయాలన్న ప్రశ్న విడిపోయిన దంపతుల విషయంలో ముదురుతుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం తండ్రిని ముందు పెట్టినా, 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తల్లిని కూడా సహజ సంరక్షకురాలిగా గుర్తించింది. విదేశీ ప్రయాణమైతే ఆయా దేశాల నియమాలూ తోడవుతాయి. ఫ్రాన్స్‌లో నివసించే మైనర్ తల్లి గానీ, తండ్రి గానీ వెంట లేకుండా దేశం దాటాలంటే వారి అనుమతి పత్రం ఉండాలని 2017 జనవరి నుంచి మళ్లీ అమల్లోకి తెచ్చారు.

వెంట పెద్దవాళ్లు ఉన్నా చౌక టికెట్టులో మరో చిక్కు ఉండేది: సీటు ఎంపికకు డబ్బు కట్టకపోతే తల్లి ఒకచోట, బిడ్డ మరోచోట పడేవారు. ఒకే పీఎన్ఆర్ మీద ప్రయాణిస్తున్న 12 ఏళ్లలోపు పిల్లలకు తల్లి, తండ్రి లేదా సంరక్షకుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని 2024 ఏప్రిల్‌లో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ ఆదేశించింది. వేర్వేరు పీఎన్ఆర్‌ల మీద టికెట్లు తీసుకున్న కుటుంబానికి ఈ రక్షణ దక్కదు.